కూతకున్న పేరు పట్టునకు లేదేల?

చెడుగుడును గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుటయా యని ముక్కుపై వ్రేలిడుకొను సోదరీమణులు కొందఱుందురని నేనెఱుగుదును. ఊరగాయలు, పసిబిడ్డల జలుబులు, పండుగనాటి పిండివంటలు, వీనిని విడిచి మగపిల్లల మట్టియాటతో మనకేమి పని యని వారందురు. కాని వెన్నెలరాత్రులలో వీథియరుగుపై కూర్చుండి అన్నదమ్ముల కూతలు వినని ఆడుబిడ్డ మన సీమలో ఉండదు. ఇప్పుడా యాట మగపిల్లల సొత్తుగా నిలువనులేదు. మన బిడ్డలును కచ్చ బిగించి బరిలోనికి దిగుచున్నారు. సాయంకాలము దీపము పెట్టిన తరువాత టెలివిజనులో ధారావాహికమును ఆపి కబడ్డీ పెట్టుమని పోరు పెట్టువారిలో మా యింట ఇద్దఱు ఆడువారు కలరు. వారిలో నొకరు మా అత్తగారు.

నేను ఆటలు నేర్చినదానను కాను. మా నాయనగారు నాకు ఇంటికడనే భారత భాగవతములు చెప్పిరి. మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. మా పెద్దపాప తొమ్మిదవ తరగతి చదువుచు బడి జట్టులో కుడిమూలన నిలుచును. ఈ మూలన నిలుచుట వలననే నాకీ వ్యాసము వ్రాయు నవసరము కలిగినది.

తెలియనివారి కొఱకు ఆట తీరు క్లుప్తముగ చెప్పెదను. ఇరువైపుల ఏడుగు రేడుగురు. ఒక వైపునుండి ఒకరు ఊపిరి బిగబట్టి కూతపెట్టుచు మధ్యగీత దాటి ఎదిరివారి బరిలోనికి పోవలెను. ఎవరినైన తాకి తిరిగివచ్చినచో తాకినంతమందికి అన్ని పాయింట్లు. రాకుండ పట్టి నిలిపినచో పట్టినవారికి ఒక పాయింటు. ఇందులో నున్న తిరకాసును గమనింపుడు. కూతకు పోయినది ఒక్కరు. ముగ్గురిని తాకి వచ్చిన మూడు పాయింట్లు ఆ యొక్కరివే. పట్టునకు దిగినవారు నలుగురు కావచ్చును. ఒకరు చీలమండ పట్టుదురు, ఒకరు నడుము పట్టుదురు, ఇరువురు చేతులు కలిపి గొలుసువలె అడ్డముగ వచ్చి గీతవైపు దారి మూయుదురు. ఇంతచేసి వచ్చునది ఒక్క పాయింటు. ఆ యొక్కటియు పెద్దలీగు లెక్కలలో మొదట చేయి వేసిన ఒక్కరి పేరనే చేరును. తక్కిన మూడుజతల చేతులు ఏ కాగితము మీదను కనబడవు.

కాబట్టి లెక్క పుస్తకములు చూచినచో పట్టువారు ఎల్లప్పుడును పేదవారుగనే కనబడుదురు. 2014లో ఆరంభమైన ప్రో కబడ్డీ లీగులో ప్రదీప్ నర్వాల్ అను హర్యానా యువకుడు కూతలలో 1,800కు పైగా పాయింట్లు సంపాదించెను. పట్టులలో అందఱికంటె మిన్నయని పేరొందిన ఇరాను దేశస్థుడు ఫజల్ అత్రాచలీకి వచ్చినవి ఐదువందలకు పైచిలుకు. ఒకే ఆటలో ప్రదీప్ 2017లో 34, పవన్ సెహ్రావత్ 2019లో 39 పాయింట్లు కూతలతో తెచ్చిరి. ఇట్టి అంకెలు పట్టువానికి కలలోనైన రావు. ఆటయొక్క నియమమే అట్లున్నది. దానికి నేనేమియు అనను. నా ఫిర్యాదు నియమముపై కాదు, చూచువారిపైని.

టెలివిజనులో ఆట చూచునపుడు గమనించితిని. కూతకు పోవువాని ముఖము తెఱనిండ చూపుదురు. అతడు తొడ చఱచుట, గాలిలోనికి ఎగిరి పట్టువారి నెత్తులమీదుగ దుముకుట, వంగి వారి చేతులక్రింద దూఱుట, ఇవి మఱల మఱల నెమ్మదిగ త్రిప్పి చూపుదురు. అతడు పట్టుపడినచో వ్యాఖ్యాత గొంతులో ఒక విచారము. అయ్యో, తొందరపడినాడు, కాలు జాఱినది అనును. కాలు జాఱలేదమ్మా! మూలనున్నవాడు ఇరువది క్షణములనుండి ఆ కాలినే చూచుచు, చూడనట్లు నటించుచు, ఒక అడుగు వెనుకకు వేసి వానిని నమ్మించి లోనికి రప్పించినాడు. దొంగ పట్టుబడినప్పుడు వాని దురదృష్టమును తలచి వగచి, కాపరి మెలకువను మఱచినట్లున్నది ఈ వ్యాఖ్యానము. మా అత్తగారు డెబ్బది యేండ్లది. ఆమెకు ఇంగ్లీషు పేర్లు నోటికి రావు. అయినను ప్రతి పట్టునకు ముందే "ఆ మూలోడు పట్టేస్తాడు చూడు" అని చెప్పును. పదింట ఏడుమారులు ఆమె మాట నిజమగును.

మన తెలుగువారి జట్టు కథ దీనికి మంచి నిదర్శనము. 2023లో జరిగిన వేలములో తెలుగు టైటన్స్ జట్టువారు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొనిరి. అంతకు ముందు ఏ కబడ్డీ యాటగానికిని అంత వెల రాలేదు. అతడు తన పని లోపము లేక చేసెను. ఆ సంవత్సరము కూతలతో రెండువందలకు పైగా పాయింట్లు తెచ్చెను. కాని జట్టు ఏమైనది? 22 ఆటలలో గెలిచినవి రెండు. పట్టికలో పండ్రెండు జట్లలో పండ్రెండవ స్థానము. సంపాదించువాడు బంగారమువలె సంపాదించి తెచ్చుచున్నాడు, ఇంట కుండకు చిల్లి! మన వంటింటి లెక్క తెలిసిన ఏ గృహిణికైన దీని మర్మము చెప్పనక్కఱలేదు. అదే వేలములో పుణేరీ పల్టన్‌వారు మహమ్మద్‌రెజా షాద్‌లూయీ అను ఇరాను యువకుని 2 కోట్ల 35 లక్షలకు కొనిరి. అతడు ఎడమమూలన నిలుచువాడు, పట్టునకు పేరొందినవాడు. 2024 మార్చి 1వ తేదీన హైదరాబాదులో జరిగిన తుదియాటలో ఆ జట్టు హర్యానా స్టీలర్స్‌ను 28–25తో గెలిచి కప్పు నెత్తుకొనెను. మఱుసటి వేలములో హర్యానావారే అతనిని కొనిరి. 2024 డిసెంబరులో కప్పు వారికి వచ్చెను. మన టైటన్సు కూడ ఆ తరువాత కొంత మేలుకొనిరి, అది వేఱుమాట.

దీనిని బట్టి పట్టు క్షీణించినదనుట సరికాదు. పట్టునకు గల మన్నన క్షీణించినది. కప్పు నిచ్చుచున్నది పట్టు. చప్పట్లు పొందుచున్నది కూత. ఆ చప్పట్లు కూడ శాశ్వతములు కావు సుమా. పైన చెప్పిన ప్రదీపే 2025 వేలములో కొనువారు లేక ఆటనుండి విరమించెను.

ఇది మన చెడుగుడునకే పట్టిన తెగులు కాదు. అమెరికాలో బాస్కెట్‌బాల్, అనగా బుట్టబంతి, అను నాట కలదు. దానిని 1891లో నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు పీచుపండ్ల బుట్టలు గోడకు తగిలించి ఆరంభించెను. అక్కడి డబ్బుపుచ్చుకొని యాడు పెద్దలీగులో కాపుదల నశించినదని ఆ దేశపు పెద్దలు కొన్నియేండ్లుగ మొత్తుకొనుచున్నారని మావారు చదివి చెప్పగా నాకాశ్చర్యము కలిగినది. ఆ కథ వినుడు. 1950 నవంబరులో ఒక యాటలో గెలిచిన జట్టునకు 19, ఓడిన జట్టునకు 18 పాయింట్లు మాత్రమే వచ్చెనట. ఒక జట్టువారు బంతిని చేతబట్టుకొని కదలక కూర్చుండిరి. చూడవచ్చినవారికి నిద్ర వచ్చెను. అందువలన 1954లో, బంతి చేతికి వచ్చిన 24 సెకన్లలో బుట్టవైపు వేయవలెనని నియమము పెట్టిరి. ఇది న్యాయమైన నియమమే. మన లీగులో కూతకు 30 సెకన్లు గడువు పెట్టుటయు, వరుసగ రెండు కూతలు వట్టిపోయినచో మూడవదానిలో పాయింటు తెచ్చితీరవలెననుటయు ఇట్టివే. సోమరితనమునకు మందు వేసినచో తప్పేమి?

కాని వారచట నాగలేదు. దూరమునుండి వేసిన బంతికి మూడు పాయింట్లు 1979లో వచ్చెను. 2001లో కాపువాడు బుట్టక్రింద ఊరక మూడు సెకన్లకు మించి నిలువరాదనిరి. 2004లో, ఎదిరివాని యొడలిపై చేయి వేసి అతని నడకను అదుపుచేయుటను గట్టిగ అణచిరి. కాపువాని చేతులు ఒక్కొక్కటిగ కట్టివేసినట్లయినది. 2003–04లో ఒక జట్టు ఆటకు సగటున 93 పాయింట్లు చేయుచుండగా, ఇరువదియేండ్లకు 114 దాటినది. 2024 జనవరిలో లూకా డాంచిచ్ అనువాడొక్కడే ఒక్క యాటలో 73 చేసెను. ఆ ఫిబ్రవరిలో మేటి యాటగాండ్రందఱు కూడి వినోదమునకాడిన ఆటలో 211–186 అయినదట! కాపు కాయువాడు లేని మామిడితోపులో కోతులు పడినట్లుండి యుండును. న్యాయము చెప్పవలెను గాన ఒకమాట. పాయింట్లు పెరిగినంతమాత్రమున కాపువారందఱు సోమరులైరని తలపరాదు. దూరపు బంతులు నేర్పుతో వేయువారు ఎక్కువైరి, ఆట వేగము హెచ్చినది. బరియంతయు పరచుకొనిన ఎదిరివారిని కాచుట మునుపటికంటె కష్టమైనది. అచ్చటను 2025లో గెలిచిన ఓక్లహోమా జట్టునకు కాపుదలలోనే పేరు.

ఆ బుట్టబంతి చరిత్రలో మన కొఱకు ఒక ముచ్చట కలదు. 1892లో సెండా బెరెన్సన్ అను నుపాధ్యాయిని తన కళాశాలలోని ఆడుపిల్లలకు ఆ యాట నేర్పుచు, కొన్ని నియమములు మార్చెను. బరిని మూడు భాగములుగ విభజించి ఎవరి భాగములో వారే నిలువవలెననియు, ఒకరి చేతిలోని బంతిని మఱియొకరు లాగికొనరాదనియు ఆ మార్పులలో ముఖ్యములు. ఆడుపిల్లలు పెనుగులాడుట చూడముచ్చటగ నుండదని ఆకాలమువారి యభిప్రాయము. ఇంటిలో బిడ్డ చేతినుండి కత్తిపీటను, ఆవునోటినుండి ఆరవేసిన చీరను, తాగివచ్చినవాని చేతినుండి కూలిడబ్బును లాగికొను ఆడువారికి బంతి లాగికొనుట తగదనుట వింతగ లేదూ!

మన పురాణములు తిరుగవేసి చూచితిని. పట్టువానికి అందును మంచిపేరు లేదు. పద్మవ్యూహములోనికి పోయిన అభిమన్యుడు కూతకు పోయిన బాలుడే. పోవుట తెలిసినవాడు, మరలివచ్చుట తెలియనివాడు. అతనికొఱకు ఎన్నితరములుగనో కన్నీరు విడుచుచున్నాము. ఆనాడు వ్యూహద్వారమున నిలిచి ధర్మరాజు, భీముడు, నకులుడు, సహదేవుడు నలుగురిని ఒక్కడై నిలువరించిన సైంధవుని మాట యేమి? వరబలము ఉన్నమాట నిజము. అయినను ఆ దినమునకు మొదటి పట్టు అతనిది. తెలుగునాట నేటికిని పనికి అడ్డుపడు వానిని సైంధవుడని తిట్టుదురే గాని ఎవరును మెచ్చి యనరు. అతని నడవడి మెచ్చదగినది కాదు. ద్రౌపది నెత్తుకొనిపోజూచిన వానిని నేనేల మెచ్చుదును? గజేంద్రుని కాలు పట్టిన మొసలి సంగతియు ఇంతే. చీలమండ పట్టునకు దానిని మించిన గురువు లేదని మా పాపకు చెప్పి నవ్వించితిని. వేయేండ్లు విడువలేదట! విడిపించుటకు వైకుంఠమునుండి రావలసివచ్చినది. శ్రీకృష్ణుడు మాత్రము గోవర్ధనమెత్తి ఏడుదినములు కేవలము కాచినవాడు. ఇంద్రునిపై ఒక్క దెబ్బయైన వేయలేదు.

మా జిల్లాలో పట్టి నిలిచిన స్త్రీకి పేరు వచ్చిన కథ ఒకటి కలదు. బుక్కరాయసముద్రము చెఱువుకట్ట తెగబోవుచుండగా ఊరికొఱకు తన్ను బలియిచ్చుకొన్న ముసలమ్మ కథ అది. పేరు ముసలమ్మయైనను ఆమె పడుచు కోడలు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆమెపై కావ్యము వ్రాసిరి. కట్ట నిలిచినది, పేరు నిలిచినది, పిల్ల మాత్రము నిలువలేదు. ప్రాణమియ్యక నిలిపినవారికి కావ్యము లెక్కడివి?

ఇచ్చట ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు వచ్చినపుడు వచ్చినట్లు. వేరుశనగ విత్తుట రెండుదినముల పని, కాపాడుట నాలుగునెలల పని. 2016లో పైరు వాడిపోవుచుండగా రెయిన్‌గన్లు తెచ్చి నీరు చల్లిరి. దానికి రక్షకతడి యని పేరు. ఆ తడితో చెట్టు చావకుండును. కఱవువచ్చినపుడు మగవారు బెంగుళూరునకు పనికి పోయి, పండుగకు డబ్బుతో తిరిగివత్తురు. బస్సు దిగినవానికి ఎదురుపోవని బంధువు లేడు. నాలుగునెలలు పశువును, పసిబిడ్డను, ముసలివారిని, అప్పులవానిని పట్టుకొని నిలిచిన దానిని "ఏమి చేయుచుంటివమ్మా" అని అడిగినచో "ఏముంది, ఇంటిపట్టున ఉన్నా" అని తానే యనును. పట్టు అను మాట ఆమె నోటనే యున్నది.

ఇక మా యింటి సంగతి. గడచిన శ్రావణమాసములో ఒకనాడు మా పాప బడినుండి వచ్చి సంచి మూలకు విసరి, "నేనింక పట్టను మా. కూతకే పోతా. పట్టేటోళ్ల పేరు ఎవురూ రాయరు" అనెను. మోకాలు గీచుకొనిపోయి నెత్తురు చారలు కట్టియున్నది. మా బరికి చాప లేదు, మెత్తని మన్నును లేదు, గరుసునేల. నీరు చల్లి మెత్తపఱచుదమన్న బోరునీరు త్రాగుటకే చాలదు. ఆ నేలమీద కూతకు పోవువాడు పాదములపై పరుగెత్తును, మూలనున్నది మాత్రము ప్రతిపట్టునకు మోకాళ్లపై పడవలెను.

విచారింపగా తెలిసినదేమనగా, జిల్లా యెంపికకు పిల్లల పేర్లు పంపవలసియున్నది. జట్టును తీర్చు నాయన తన పుస్తకములో కూతపాయింట్లు మాత్రమే వ్రాసికొనును. "ఎంపికచేయువారు రెండుగంటలలో నూఱుమందిని చూచెదరు. కూతపెట్టినది కంటబడును, మూలనున్నది కంటబడదు. నీవును కూత నేర్చుకొనుము, లేనిచో వచ్చేయేడు చూతము" అని అతడు బిడ్డతో చెప్పెనట. అతడు చెడ్డవాడు కాడు. ఎండలో నిలిచి జీతమునకు మించి పాటుపడువాడు. లోకము తీరు తెలిసి చెప్పినాడు. కాని మా పాపకు కూత రాదు. ఊపిరి నిలువదు, చిన్నప్పటినుండి కొంచెము ఆయాసము. పట్టుమాత్రము పుట్టుకతో వచ్చినట్లున్నది. ఒకసారి పట్టినచో మా యింటి దూడయైనను తప్పించుకొనలేదు. ఆ బిడ్డను కూతకు పంపుట, పాలిచ్చు ఆవును నాగలికి కట్టుటయే. ఎంపిక చిన్నవిషయము కాదు గదా. ముందుముందు కళాశాలలో చోటునకు, ఉద్యోగమునకు క్రీడల కోటా యొకటి యున్నది. ఉపాధ్యాయుని జీతముతో ముగ్గురు పిల్లలను చదివించు ఇంటిలో ఆ మాటకు బరువు తెలియును.

మా అత్తగారు "వద్దనే వద్దు, కాలు విఱిగితే ఎవరు చేసుకుంటారు" అని ఒకప్రక్క. కూతకు పోయెదనని పాప యొకప్రక్క. నేనా రాత్రి పాపను ప్రక్కన పరుండబెట్టుకొని 2018 నాటి సంగతి చెప్పితిని. ఆ సంవత్సరము జకార్తాలో జరిగిన ఏషియా క్రీడలలో, అంతవరకు ఆ క్రీడల చెడుగుడులో స్వర్ణమును ఎన్నడును విడువని మన దేశము ఇరానువారి చేతిలో ఓడినది. మగవారి జట్టు తుదియాటకైన చేరలేదు. ఆడువారి జట్టు తుదియాటలో 27–24తో స్వర్ణమును పోగొట్టుకొనెను. గెలిచిన ఇరాను ఆడుపిల్లలకు ఆట నేర్పినది ఎవరనుకొన్నారు? నాశిక్ నగరపు శైలజా జైన్ అను మన దేశపు స్త్రీయే. ఇచ్చట తగిన స్థానము దొరకక అచ్చటికి పోయి, వారి భాషను కొంత నేర్చి, మన ప్రాణాయామమును వారికి నేర్పి, మన బిడ్డలనే ఓడించినది. మన దేశమున నున్న పట్టును మనము చూడకున్నచో పొరుగువారు చూచి తీసికొనిపోయిరి. పాప వినుచు వినుచు, "ఆమె కూత పెట్టేదా, పట్టేదా?" అని అడిగెను. అది నాకు తెలియదంటిని. "పట్టేదే అయ్యుంటాది" అని నిద్రపోయెను.

మఱునాడు మావారితో చెప్పి ఒక నోటుపుస్తకము తెప్పించి గీతలు గీచితిని. ప్రతి పట్టునకు, మొదట చేయి వేసినది ఎవరు, తరువాత కలిసినది ఎవరు, గీతవైపు దారి మూసినది ఎవరు, ఇవి వేఱువేఱు గడులలో. సాయంకాలము వంటపని ఒక గంట ముందుగ ముగించుకొని, చెంగు కప్పుకొని బడి ప్రహరీప్రక్కన వేపచెట్టు క్రింద కూర్చుండితిని. మొదటిదినము పిల్లలు నవ్విరి. పంతులుగారి భార్యకు పని లేదాయని ఊరిలో ఒకరిద్దఱు అనిరి కూడ. నాలుగాటలు వ్రాసితిని. ఇరువదిరెండు పట్టులు. అందులో పదునాలుగింట మా పాప చేయి కలదు. మొదటి చేయి ఐదింటిలో.

ఇంతవరకు నేను ఎదురుచూచినదే. చూడనిది మఱియొకటి బయటపడినది. పదునేడింట చేయి కలిపిన పిల్ల వేఱొకతె. చెఱువుక్రింది పల్లెనుండి నడచివచ్చు బక్కపలుచని బిడ్డ. తల్లి కూలికి పోవును. కుడివైపున మా పాపకు ప్రక్కనే నిలుచును. మొదటి చేయి ఆ పిల్లది ఒక్కసారియు లేదు. మా పాప కాలు పట్టగానే, గాలివలె వచ్చి గీతవైపున అడ్డముగ పడును. ఆమె పడనిచో మా పాప పట్టిన కాళ్లలో సగము తప్పించుకొని పోయెడివి. ఆ బిడ్డ పేరు నాకు గాని, మావారికి గాని, నిజము చెప్పవలెనన్న జట్టును తీర్చు నాయనకు గాని సరిగ నోట లేదు. పుస్తకము చూపినపుడు పాప ముఖము మొదట చిన్నబోయెను. కొంతసేపటికి తానే వ్రేలితో గడులను లెక్కించుకొని, "అవును మా, నేను పట్టినాక వెనక్కి చూడను. ఆ యమ్మి ఉంటాదని తెలుసు" అనెను.

పుస్తకమును మావారు తీసికొనిపోయి ఆ నాయనకిచ్చిరి. అతడు నిలుచున్నచోటనే పుటలన్నియు త్రిప్పి చూచి, ఏమియు ననక, సాయంకాలము ఆ యిద్దఱిని ఒకమూలన నిలిపి, కూతపెట్టువారిని ఒకరి తరువాత ఒకరిని వారిమీదికి పంపెనట. పేర్ల పట్టిక సోమవారమునాడు పోవును. ఎవరి పేరుండునో నేను చెప్పజాలను. పంపువారు పంపినను చూచువారు చూడవలెను గదా.

ఈలోగా మోకాళ్లకు మెత్తలు కుట్టుచున్నాను. పాత నూలుచీరను నాలుగు మడతలు మడిచి, లోపల దూది పఱచి, అంచునకు లంగానాడా ఎక్కించిన బాగుగ నిలుచుచున్నది. బజారులో దొరకునవి చెమటకు జాఱిపోవునని పిల్లలందురు. మడత వంకరగ పోకుండ నడుమ రెండుసార్లు దారము పోయవలెను. ఒకజత ముగిసినది. నిన్న పాప దానిని తొడిగి తమ్ముని కాలు పట్టి చూచి, వాడు ఏడ్చిన తరువాత విడిచి, "రెండో జత కొంచెం సన్నంగా కుట్టు మా, ఆ యమ్మి కాళ్లు పుల్లల్లా ఉంటాయి" అనెను. చీరలో మిగిలిన గుడ్డ దానికి చాలునో లేదో, దీపము పెట్టకముందే కొలిచి చూడవలసియున్నది.